పరుగెత్తు కుక్కను పటమున బట్టుట



శిక్షణ పొందుచున్న కుక్క పరుగెత్తునపుడును, అడ్డుకఱ్ఱ దాటి దుముకునపుడును దాని రూపమును స్పష్టముగా పటమున బట్టుటకు ఎట్టి కెమేరా తగినది? ఇదియే నేటి ప్రసంగ విషయము. ఇది నగరవాసుల వినోదము, మనకేల యని మీలో గొందఱు తలంపవచ్చును. కాని మంద వెంట నడచు కుక్కయు, చేను గాచు కుక్కయు లేని పల్లె మన దేశమున లేదు. కుక్కలకు శిక్షణ నిచ్చుట నేడు పట్టణములలో నొక వృత్తియైనది. ఛాయాచిత్రములు తీయుటయు నట్లే వృత్తియైనది. హైదరాబాదున చదువుకొనుచున్న మనుమడు “తాతా, మంచి కెమేరా యొకటి కొనిపెట్టుము” అని యడుగుట నేడు వింత కాదు. మంచి కెమేరాయు, దానికి దగిన కటకమును గలిసి యొక జత మంచి యెడ్ల వెల కావచ్చును. ఎడ్లను గొనునపుడు పండ్లు చూచి, సుడులు చూచి, నడక చూచి బేరమాడు పెద్దలు, కెమేరాను మాత్రము పెట్టెపై నచ్చువేసిన యంకెలను జూచి కొనుట తగదు. దేనిని జూడవలయునో తెలిసికొనుట మేలు.

మొదట మన నగరపు పూర్వ చరిత్రను గొంచెము స్మరింతము. హైదరాబాదు పాతబస్తీలోని చౌమహల్లా మహలునకు బోయినవారు అచట నిజాముల కాలపు ఛాయాచిత్రములను జూచియుందురు. ఆ కాలపు చిత్రగ్రాహకులలో అగ్రగణ్యుడు లాలా దీనదయాళు. ఆయన 1844లో ఉత్తర హిందూస్థానమందలి సర్ధనాలో జన్మించెను. ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇండోరులో ఉద్యోగము చేయుచు ఫోటో విద్యను నేర్చి, 1880 దశకములో ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ గారి ఆస్థాన చిత్రగ్రాహకు డాయెను. సికింద్రాబాదున చిత్రశాల నెలకొల్పెను. నిజాము గారు ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ అను బిరుదము నొసంగిరి. ఆయన 1905లో స్వర్గస్థుడయ్యెను. ఆయన సంస్థ వారి గాజుపలకలు రెండువేలకు బైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

ఆ చిత్రములలో నొకటి మన ప్రసంగమునకు మిక్కిలి పనికివచ్చును. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు వరంగల్లు ప్రాంతమందలి నెక్కొండకు వేటకు వచ్చెను. చచ్చిన పులి ముందు పడియుండగా ప్రభువును, ఆయన భార్యయు నున్న చిత్రమును దీనదయాళు సంస్థవారు తీసిరి. అది లోకప్రసిద్ధమైనది. అందు పులి కదలదు, ప్రభువును గదలడు. దుముకుట ముగిసిన పిమ్మట దీసిన చిత్రమది. ముక్కాలిపీటపై నిలిపిన పెద్ద పెట్టెతో, గాజుపలక మీద చిత్రము దీయువానికి నిలిచియున్న వస్తువు సులభము. కదలుచున్న దానిని బట్టుటయే కష్టము.

కదలు జంతువును బట్టు ప్రయత్నము అప్పటికే అమెరికాలో జరిగియుండెను. గుఱ్ఱము దౌడు తీయునపుడు దాని నాలుగు కాళ్లును ఒక్కమాఱే నేలను విడుచునా యను వివాదము చిరకాలముగా నుండెను. 1878లో కాలిఫోర్నియాయందలి పాలో ఆల్టోలో మైబ్రిడ్జి యను చిత్రగ్రాహకుడు పండ్రెండు కెమేరాలను వరుసగా నిలిపి, గుఱ్ఱము పరుగెత్తు దారికి అడ్డముగా దారములు గట్టి, అది యొక్కొక్క దారమును దాకినపు డొక్కొక్క కెమేరా పనిచేయునట్లు చేసెను. నాలుగు కాళ్లును నేలను విడుచుట నిజమేయని తేలినది. కాని చిత్రకారులు శతాబ్దముల తరబడి వ్రాసినట్లు ముందుకును వెనుకకును జాచినపుడు గాదు. కాళ్లన్నియు కడుపు క్రిందికి ముడుచుకొన్నపుడు. మైబ్రిడ్జి 1887లో ప్రకటించిన 781 పలకల సంపుటమున కుక్కల పరుగును గలదు. 1882లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మరే తుపాకి యాకారముగల కెమేరాతో సెకండునకు పండ్రెండు చిత్రములు దీసెను. అప్పుడు పండ్రెండు కెమేరాలు చేసిన పనిని నేడు చేతిలో నిముడు నొక్క కెమేరా చేయుచున్నది.

ఇక లెక్కలోనికి వత్తము. చుఱుకైన కుక్క పూర్తి వేగముతో బరుగెత్తునపుడు సెకండునకు పది మీటర్లు, అనగా గంటకు 36 కిలోమీటర్లు పోవునని యనుకొందము. కెమేరాలో వెలుగును లోనికి విడుచు తలుపు వంటి సాధనమును షట్టరు అందురు. ఆ తలుపు సెకండులో అఱువదవ వంతు తెఱచియున్నచో, ఆ కాలములోనే కుక్క జానెడుకు గొంచెము తక్కువగా ముందునకు జరుగును. పటమున దాని మొగము పిండి చల్లినట్లు చెదరిపోవును. రెండువందల యేబదవ వంతు తెఱచినచో నాలుగు సెంటీమీటర్లు, వేయవ వంతు తెఱచినచో నొక్క సెంటీమీటరు మాత్రమే జరుగును. కావున పరుగు పటములకు వేయవ వంతు సెకండు కనీసమనియు, రెండువేలవ వంతు మేలనియు గుర్తుంచుకొనుడు.

కాళ్ల సంగతి వేఱు. బండి చక్రమును జూడుడు. నేలను దాకు భాగము ఆ క్షణమున నిలిచియుండును. పైనున్న భాగము బండికి రెట్టింపు వేగముతో ముందునకు బోవును. కుక్క కాలును అట్టిదే. నేలపై మోపిన పాదము కదలదు, గాలిలో ముందునకు జాచు పాదము దేహముకంటె మిక్కిలి వేగముగా బోవును. అందువలన కొన్ని చిత్రములలో మొగము స్పష్టముగా నుండియు పాదములు మసకగా నుండును. అది కెమేరా లోపము గాదు. షట్టరు వేగము చాలకపోవుటయే.

కుక్క పరుగునకు మఱియొక విశేషము గలదు. గుఱ్ఱము ఒక అంగలో నొకసారి మాత్రమే నేలను బూర్తిగా విడుచును. వేటకుక్కల జాతులలో, అనగా కారవాన్, ముధోల్ వంటి సన్నని నడుముగల కుక్కలలో, పూర్తి దౌడున ఒక అంగలో రెండుసార్లు నాలుగు కాళ్లును గాలిలో నుండును: ఒకమాఱు దేహము విల్లువలె ముడుచుకొన్నపుడు, ఒకమాఱు బాణమువలె సాగినపుడు. సెకండునకు మూడు నాలుగు అంగలు వేయు కుక్కలో నీ క్షణములు కనుమూసి తెఱచులోపల గడచిపోవును. మనుష్యుడు చూచి మీట నొక్కుటకే సెకండులో నైదవ వంతు పట్టును. అంతలో కుక్క రెండు మీటర్లు దాటిపోవును. కావున వరుసగా చిత్రములు దీయు శక్తి కెమేరాకు గావలయును. సెకండునకు మూడు చిత్రములు మాత్రమే తీయు కెమేరా యొక అంగ కొక చిత్రము గూడ నీయజాలదు. ఎనిమిది పది చిత్రములు తీయునది చాలును. ఇరువది, ముప్పది యను నంకెలకై యధికముగా ధనము వెచ్చింపనక్కఱలేదు. తరువాత వేల చిత్రములలో మంచివానిని ఏఱుకొనుటయే యొక చాకిరి యగును.

ఇప్పుడు ముఖ్యమైన మాట వినుడు. పట్టపగటి యెండలో నే కెమేరాయైనను పరుగును బట్టగలదు. అంగడివాడు చూపు మాదిరి పటములన్నియు నట్టి వెలుగులో దీసినవే. కాని మన తెలుగు దేశమున వేసవిలో పట్టపగలు కుక్కకు శిక్షణ నీయదగునా? కుక్కకు మనవలె దేహమంతట చెమట పట్టదు. నాలుక చాచి వగర్చుటయే దానికి చల్లబడు ముఖ్యమార్గము. రోహిణి కార్తె యెండలో పరుగెత్తించినచో వడదెబ్బ తగిలి ప్రాణము పోవచ్చును. చార్మినారు చుట్టునున్న రాతిపఱపు మధ్యాహ్నమున మన యరికాలి కెంత వేడియో, కుక్క పాదమునకు నంతే వేడి. అందుచే తెలిసిన శిక్షకులు సూర్యోదయమునకు గొంచెము ముందును, సూర్యాస్తమయము తరువాతను మాత్రమే పని చేయింతురు. అనగా కుక్క పరుగెత్తు వేళయే వెలుగు తక్కువగా నుండు వేళ. ఈ చిక్కును దీర్చు కెమేరాయే మనకు గావలసినది. పటము బాగుగా వచ్చునని కుక్కను ఎండలోనికి దెచ్చువాడు చిత్రగ్రాహకుడును గాడు, శిక్షకుడును గాడు.

ఆ లెక్కను గూడ జూతము. చౌక కటకముల ద్వారమునకు సామాన్యముగా ఎఫ్ 5.6 అను గుర్తుండును. అట్టి కటకముతో, ఐ.ఎస్.ఓ. 400 అను సూక్ష్మగ్రాహకతతో, మధ్యాహ్నపు టెండలో మూడువేలవ వంతు సెకండు వేగమును సులభముగా బొందవచ్చును. తెల్లవారు వేళ, లేక పాతబస్తీ గల్లీలలో నిరుప్రక్కల మేడల నీడ పడినచోట సాయంకాలము, వెలుగు మధ్యాహ్నపు వెలుగులో అఱువదవ పాలు మాత్రమే యుండవచ్చును. అప్పుడదే కటకముతో వచ్చు వేగము ఏబదవ వంతు సెకండు. కుక్క మసకబాఱిన మరకవలె గనబడును.

దీనికి రెండు మందులు గలవు. మొదటిది పెద్ద ద్వారముగల కటకము. ఎఫ్ గుర్తున నంకె తగ్గినకొలది ద్వారము పెద్దదగును. 5.6 సగమై 2.8 అయినచో ద్వారపు వెడల్పు రెట్టింపగును. బావి వ్యాసము రెట్టింపైనచో నోరు నాలుగు రెట్లయినట్లు, వెలుగు నాలుగు రెట్లు లోనికి వచ్చును. ఏబదవ వంతు రెండువందలవ వంతగును. రెండవ మందు సూక్ష్మగ్రాహకతను 400 నుండి 1600కు బెంచుట. దానివలన మఱి నాలుగు రెట్లు లభించి వేగము ఎనిమిదివందలవ వంతగును. 3200కు బెంచినచో పదునాఱువందలవ వంతు. కాని సూక్ష్మగ్రాహకతను బెంచినకొలది చిత్రముపై ఇసుక చల్లినట్లు గరుకు గనబడును. లోపలి గ్రాహకఫలకము పెద్దదైనచో నా గరుకు తక్కువగా నుండును. చేతి ఫోనులోని గోరంత ఫలకమున నెక్కువగా నుండును. పటము కొంచెము గరుకుగా నున్నను పరవాలేదు. కుక్క మొగము చెదరిన పటము దేనికిని గొఱగాదు.

కావున ధనమును వెచ్చించు క్రమము తెలిసినది: మొదట కటకము, తరువాత కెమేరా పెట్టె. 70 నుండి 200 మిల్లీమీటర్ల వఱకు మార్చుకొనదగిన ఎఫ్ 2.8 కటకము ఈ పనికి రాజు వంటిది. కాని పేరుగల సంస్థ చేసిన క్రొత్తది సామాన్యముగా లక్ష రూపాయలు దాటును, బరువు నెక్కువ. అంత శక్తి లేనివారు 85 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకమును గొనవచ్చును. అది దగ్గఱకును దూరమునకును మాఱదు. మనమే నడచి పోవలయును. కాని వెల చాల తక్కువ, వెలుగు 2.8 కంటె రెండు రెట్లకు బైగా నిచ్చును. శిక్షణస్థలమున నిలుచు చోటును మనమే యేర్పఱచుకొనగలము గనుక ఇది మధ్యతరగతివారికి దగిన మార్గము.

తరువాతిది ఫోకసు, అనగా కుక్కపైననే చూపు నిలుపుట. 200 మిల్లీమీటర్ల కటకము ఎఫ్ 2.8 వద్ద, పది మీటర్ల దూరమున, స్పష్టముగా జూపు లోతు మూరెడునకు లోపే. మనవైపునకు బరుగెత్తివచ్చు కుక్క ఆ మూరెడును సెకండులో నిరువదియైదవ వంతులో దాటిపోవును. ప్రతి చిత్రమునకును కెమేరా తన చూపును వెనుకకు జరుపుకొనుచుండవలయును. కొన్ని కెమేరాలు 2019 మొదలుకొని జంతువుల కన్నును గుర్తించి దానిని వెంబడించు నేర్పును సంపాదించినవి. ఇది మిక్కిలి యుపయోగకరము. అయినను నల్లని కుక్క నల్లని కన్నును, వెండ్రుకలచే గప్పబడిన కన్నును, అడ్డుకఱ్ఱల వెనుకనున్న కన్నును ఆ యంత్రము పొరబడవచ్చును, కఱ్ఱనే కుక్కయనుకొనవచ్చును. కావున ఆ గుణము గలదని విని తృప్తిపడక పరీక్షించి చూడవలయును.

కెమేరాల రకములను సంగ్రహముగా జెప్పెదను. చేతి ఫోను అందఱియొద్దను గలదు. శిక్షణలో దోషమెచ్చట నున్నదో, కుక్క దుముకి దిగునపుడు ముంగాళ్లపై భారము సరిగా మోపుచున్నదో లేదో చూచుటయే ప్రయోజనమైనచో, ఫోనుతో మందగతి చలనచిత్రము దీసికొనిన చాలును. క్రొత్తగా నేమియు గొననక్కఱలేదు. దూరపు వస్తువును దగ్గఱగా జూపు చిన్న కెమేరాలు ఎండలో బాగుగా బనిచేయును, ఉదయపు వెలుగున నీరసించును. లోపల అద్దముగల కెమేరాలు చిరకాలము పత్రికలవారి చేతిలో నుండినవి. ఇప్పుడు ప్రధాన సంస్థలు అద్దము లేని వానిపైననే దృష్టి నిలిపినవి గనుక, అద్దముగల మంచి కెమేరాలు వాడినవి చౌకగా దొరకుచున్నవి. బీదవాని కిది యదృష్టము. అద్దము లేనివి జంతువు కన్నును వెదకుటలో నేర్పుగలవి, శబ్దము లేకయు బనిచేయగలవు. కాని నిశ్శబ్దముగా బనిచేయునపుడు పెక్కు కెమేరాలు చిత్రమును వరుస వరుసగా పైనుండి క్రిందికి చదువును. అంతలో కుక్క జరుగుటచే కాళ్లు ప్రక్కకు వంగినట్లు వికారముగా వచ్చును. పరుగునకు నిజమైన తెఱ కదలు షట్టరునే వాడుట మంచిది.

అంగడిలో కుక్క యుండదు గదా, పరీక్ష యెట్లందురేమో. వాకిట నిలిచి, ఎదురుగా వచ్చు ఆటోను గాని మోటారు సైకిలును గాని వరుసగా పది చిత్రములు దీయుడు. పెద్దదిగా జేసి చూచి, పదిలో నెన్ని స్పష్టముగా నున్నవో లెక్కింపుడు. ఏడైన నున్నచో మేలైనది; మూడు నాలుగే యున్నచో మఱియొకటి చూడుడు. మీటను విడువక నొక్కి, ఎన్ని చిత్రములకు దరువాత కెమేరా యలసి నిలిచిపోవునో గమనింపుడు. అంగడిలో చీకటి మూలను జూచి చిత్రము దీసి గరుకును బరీక్షింపుడు. ఐదు నిమిషములు కంటియెదుట బట్టుకొని చేయి నొప్పి పుట్టునేమో చూడుడు. వాడిన వస్తువైనచో కటకమును దీపమునకు ఎదురుగా బట్టి లోపల బూజు సాలెగూటివలె నల్లుకొన్నదేమో చూడుడు. వర్షకాలపు తేమలో నిది సామాన్యముగా బట్టును. షట్టరు ఇంతవఱ కెన్ని మార్లు పనిచేసినదో యడుగుడు. ఎద్దు వయస్సును బండ్లు చెప్పినట్లు కెమేరా వయస్సు నా లెక్క చెప్పును. రసీదు తప్పక తీసికొనుడు.

కొన్న పిమ్మట వాడుకను గూర్చి రెండు మాటలు. నిలువబడి పైనుండి తీసిన చిత్రమున కుక్క వీపు మాత్రమే కనబడును. నేలపై మోకరించి దాని కంటి యెత్తున కెమేరాను నిలుపుడు. దుముకుటను దీయునపుడు అడ్డుకఱ్ఱ మీదనే ముందుగా చూపు నిలిపి, కుక్క అచటికి వచ్చుటకు గొంచెము ముందే మీట నొక్కుడు. వెలుగు మఱీ తక్కువైనచో, ప్రక్కగా బోవు కుక్కతో బాటు కెమేరాను గూడ త్రిప్పుచు నూటయిరువదియైదవ వంతున దీసినచో, కుక్క మొగము నిలిచి, వెనుకటి గోడలు గీతలుగా సాగి, పరుగు పరుగువలెనే కనబడును. నల్లని కుక్కకు వెలుగును గొంచెము తగ్గింపుడు. తెల్లని కుక్కకు బెంచుడు. లేనిచో యంత్రము రెంటిని బూడిదరంగుగా జేయును. కుక్క మన చెవి కందని సన్నని ధ్వనులను గూడ వినగలదు గనుక, కెమేరా కూతలను అన్నిటిని ఆపివేయుడు. మొగముపై మెఱపుదీపము వేయకుడు. మొదటి రెండు దినములు చిత్రమేమియు దీయక, కెమేరా పట్టుకొని కూర్చుండి, దానికి మన యునికి యలవాటగునట్లు చేయుట యుత్తమము.

పోలీసు కుక్కలను గూర్చి ప్రత్యేకముగా జెప్పవలయును. తెలంగాణ పోలీసువారి కుక్కలకును, వానిని నడపువారికిని హైదరాబాదు చెంతనున్న మొయినాబాదులో శిక్షణ జరుగుచున్నది. లాల్ దర్వాజా బోనాలకును, గణేశ నిమజ్జనమునకును ముందు పాతబస్తీ వీథులలో పేలుడు పదార్థములను వాసనచే వెదకు కుక్కలను జూడవచ్చును. అవి యపుడు వేలమంది ప్రాణములను గాచు పనిలో నున్నవి. చిత్రముకొఱకు దగ్గఱకు బోయి, పిలిచి, చప్పుడు చేసి వాని దృష్టిని మరల్చుట తప్పు. అనుమతి పొంది, శిక్షణస్థలముననే తీయవలయును.

ఇంతవఱకు జెప్పిన దానిని సంగ్రహించెదను. మొదట పెద్ద ద్వారముగల కటకము. రెండవది వెంబడించు ఫోకసు. మూడవది సెకండునకు ఎనిమిది పది చిత్రముల వరుస. నాలుగవది చేతికి దగిన బరువు. పెట్టెపై పెద్ద యక్షరములతో నచ్చువేయు మెగాపిక్సెళ్ల లెక్క అన్నిటికంటె గడపటిది. మనుమడు కెమేరా యడిగినపుడు, “ఏ వేళ తీయుదువు? ఎంత దూరము నుండి? దేనికొఱకు?” అని మూడు ప్రశ్నలు వేయుడు. మూటికిని సరియైన యుత్తరము చెప్పగలిగినవానికి ధనము నీయవచ్చును. “ఉదయమున, ఎండ రాక మునుపు” అని మొదటి ప్రశ్నకు జెప్పినచో, వానికి కెమేరాయే గాక కుక్కయు దెలియునని నమ్మవచ్చును.